బ్యాగులే కాదు, బ్రేకులూ చూడండి

తిరుపతి టాక్సీ, జీపు యజమానులారా, డ్రైవరన్నలారా!

అలిపిరి టోల్‌గేటు దగ్గర ప్రతి బండీ ఆగుతుంది. డిక్కీ తెరిపిస్తారు, బ్యాగులు స్కాన్ చేస్తారు, సిగరెట్లు, మందు ఉన్నాయేమోనని వెతుకుతారు. మంచిదే. రెండో ఘాట్‌లో తిరుమలకు ఎక్కిన బండి 1944లో తెరిచిన మొదటి ఘాట్‌లో దిగాలి. 40 నిమిషాల కంటే ముందే దిగితే తప్పు. వేగానికి ఇంత లెక్క ఉంది గానీ, బ్రేకుకు ఏ లెక్కా లేదు.

ముందు మన సంగతి చూసుకుందాం. టాప్ గేర్‌లో దిగుతూ మలుపు మలుపుకీ బ్రేకు తొక్కితే ప్యాడ్లు కాలిన వాసన కొడతాయి. పాత బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకొని ఉంటుంది. ఆ వేడికి లోపల ఆవిరి బుడగలు లేస్తాయి. పెడల్ మెత్తగా కిందికి పోతుంది, బండి ఆగదు. సెకండ్ గేర్‌లో దిగడం, రెండేళ్లకోసారి ఆయిల్ మార్చడం మన పని. కాగిన డిస్కు మీద నీళ్లు కుమ్మరిస్తే అది వంకర పోతుంది. దీనికి కంపెనీని అని లాభం లేదు.

కానీ కొత్త బండికే మాస్టర్ సిలిండర్ కారితే? షోరూముకు పోతే "ఘాట్‌లో తిప్పితే ఇంతే" అంటారు. ఘాట్ ఎక్కని బండి తిరుపతిలో ఎవరికి కావాలి? ఏ మోడల్‌కు ఏ పార్టు పోతోందో స్టాండులో అందరికీ తెలుసు. టీ తాగుతూ తిట్టుకుంటాం, అప్పు చేసి బిల్లు కడతాం. ఫిర్యాదు మాత్రం ఒక్కరమూ రాయం.

రాస్తేనే లెక్క. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 110ఏ సెక్షన్ చేరింది. 2021 ఏప్రిల్ 1 నుంచి దాని నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఏడేళ్లలోపు బండ్లలో ఒకే లోపం మీద ఫిర్యాదులు నిర్ణీత సంఖ్య దాటితే, ఆ బండ్లను కంపెనీ వెనక్కి పిలిపించాలని కేంద్రం ఆదేశించవచ్చు. జరిమానా 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా. ఫిర్యాదు పెట్టేది వాహన్ పోర్టల్‌లో. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీలు ఇళ్లలోనే పేలి మనుషులు చనిపోయారు. ఇలాంటి ప్రమాదాల మీద దేశమంతా గగ్గోలు రేగిన ఆ నెలలోనే ఓలా 1,441, ఒకినావా 3,215 స్కూటర్లను వెనక్కి పిలిచాయి. మన ఘాట్‌లోనూ అంతదాకా రావాలా?

"టాక్సీ అంటే వ్యాపారం, వినియోగదారుల కమిషన్‌కు పోలేవు" అంటే నమ్మొద్దు. స్వయం ఉపాధి కోసం కొని, సొంతంగా నడుపుకుంటూ బతికేవాడు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వినియోగదారుడే. కేసు వేయడానికి గడువు రెండేళ్లు. 5 లక్షల లోపు రిపేరు బిల్లు మీద కేసుకు ఫీజు లేదు. సలహాకు 1915కు ఫోన్ చేయండి.

టీటీడీని, రవాణా శాఖను మనం అడగాల్సింది ఒక్కటే: అలిపిరిలో టోల్‌గేటుకు ముందు ఒక బ్రేక్ తనిఖీ షెడ్డు, అందులో ఫిర్యాదు రాసుకునే ఒక గుమాస్తా. మోడల్, తయారీ సంవత్సరం, పోయిన పార్టు రాసుకొని వాహన్‌లో ఎక్కించాలి. బండ్లు ఎలాగూ అక్కడ ఆగుతున్నాయి, కొత్తగా ఎవరినీ ఆపనక్కర్లేదు.

అది వచ్చేదాకా ఊరుకోవద్దు. ఇకమీదట బ్రేకు పనికి వెళ్తే ప్రతి పార్టుకూ ధర వేసిన బిల్లు తీసుకోండి, తీసేసిన పార్టు అడిగి తెచ్చుకోండి, ఆ రోజే ఫిర్యాదు పెట్టండి. పక్క బండి అన్నకు రాయడం రాకపోతే మీరు రాసి పెట్టండి.