పొలిమేర రాయి

రెండు ఊళ్ల నడుమ పాతిన రాయి సాధారణంగా వేరుపాటును తెలియజేస్తుంది. ఇక్కడితో మా ఊరు ముగిసింది, ఇక్కడినుంచి మీ ఊరు మొదలయింది అని చెప్పడమే దాని పని. ఇంగ్లండులోని డార్బీషైర్ ప్రాంతంలో ఈమ్, స్టోనీ మిడిల్టన్ అనే రెండు చిన్న గ్రామాల మధ్య ఉన్న రాయి మాత్రం మూడున్నర శతాబ్దాలుగా మరొక సాక్ష్యం చెబుతున్నది. ఆ రాతిలో తొలిచిన గుంటలున్నాయి. ఒకప్పుడు వాటిలో వెనిగర్ పోసి నాణేలు ఉంచేవారు. నాణేలు ఉంచినవారు ఒక ఊరివారు. వాటిని తీసుకొని, ఆహారపదార్థాలు పెట్టి వెళ్లినవారు పొరుగూరివారు. రాతికి ఇరువైపులా నిలిచిన మనుషులను కలిపి చూచినప్పుడే ఆ గ్రామాల చరిత్ర మనకు సంపూర్ణంగా బోధపడుతుందని నా అభిప్రాయం.

ఈ రెండు గ్రామాల మధ్య దూరం సుమారు ఒక మైలు. ఈమ్ గుట్టమీద ఉంటే, స్టోనీ మిడిల్టన్ దిగువ లోయలో సున్నపురాతి కొండచరియల నీడలో ఉంటుంది. సీసపు గనులు, రాతి క్వారీలు, పశువుల పెంపకం ఈ ప్రాంత ప్రజలకు తరతరాలుగా జీవనాధారాలు. 20వ శతాబ్దంలో రెండు ఊళ్లలోనూ బూట్లు తయారుచేసే కర్మాగారాలు నడిచాయి. వేసవిలో బల్లలపై తడి మట్టి పరచి, దానిలో పూలరేకులు అద్ది చిత్రాలు కూర్చి, ఊటబావులను అలంకరించే ఆచారం రెండు గ్రామాలకూ ఉంది. ఒకే పని, ఒకే పండుగ, ఒకే గాలి. ఇట్టి ఇరుగుపొరుగుల నడుమ ఒకనాడు ఆ రాయి దాటరాని హద్దుగా మారింది.

1665లో లండన్ నగరాన్ని ప్లేగు వ్యాధి పీడించింది. ఆ ఏడాది వేసవి చివర లండన్ నుంచి ఈమ్ గ్రామంలోని ఒక దర్జీ ఇంటికి బట్టల మూట వచ్చిందనీ, దానితోపాటే వ్యాధి వచ్చిందనీ చెబుతారు. ఆ ఇంట పనిచేస్తున్న జార్జ్ వికర్స్ సెప్టెంబరు మాసంలో మరణించాడు. మరణాలు ఇంటినుంచి ఇంటికి పాకాయి. శీతకాలంలో తగ్గుముఖం పట్టిన వ్యాధి 1666 వేసవిలో మళ్లీ విజృంభించింది. అప్పుడు ఆ గ్రామ మతాచార్యుడు విలియం మాంపెసన్, ఆయనకు ముందు ఆ పదవిలో ఉండి మతాచార భేదాల కారణంగా దానిని కోల్పోయిన థామస్ స్టాన్లీ ఒక్కటై ప్రజల ముందు నిలిచారు. వ్యాధి పొరుగు గ్రామాలకు ప్రాకకుండా ఉండవలెనంటే ఎవరూ పొలిమేర దాటరాదని బోధించారు. ప్రజలు అంగీకరించారు. చర్చి తలుపులు మూసి, కక్లెట్ డెల్ఫ్ అనే పచ్చని పల్లంలో, ఆరుబయట, కుటుంబానికి కుటుంబానికి ఎడం పాటిస్తూ ప్రార్థనలు జరుపుకొన్నారు. వ్యాధి శమించేనాటికి సుమారు 260 మంది మరణించారు. వారిలో మాంపెసన్ భార్య కేథరిన్ కూడా ఒకరు.

ఈ కథ చెప్పేవారు సాధారణంగా ఇక్కడ ఆగి ఈమ్ ప్రజల త్యాగానికి నమస్కరిస్తారు. ఆ నమస్కారం న్యాయమైనదే. కాని ఒక ప్రశ్న మిగిలిపోతుంది. నెలల తరబడి పొలిమేర దాటని ప్రజలు ఏమి తిని బ్రతికారు? చాట్స్‌వర్త్ సౌధంలో నివసించే డెవన్‌షైర్ ప్రభువు ఆహారం పంపించాడు. పొరుగు గ్రామాలవారు రొట్టెలు, సరుకులు మోసుకొని వచ్చి సరిహద్దు వద్ద ఉంచారు. వ్యాధి ఎట్లా సోకుతుందో ఆనాడు ఎవరికీ తెలియదు. ప్లేగు సూక్ష్మజీవిని కనుగొన్నది 1894లో. వెనిగర్ విషాన్ని హరిస్తుందన్న నమ్మకమే వారికున్న రక్షణ. రోగగ్రస్తమైన ఊరినుంచి వచ్చిన నాణేన్ని వ్రేళ్లతో పైకి తీసిన పొరుగూరి మనిషికి గుండె దడదడలాడి ఉండదా? అయినా అతడు మరునాడు మళ్లీ వచ్చాడు. ఆకలిగొన్నవారు ఎంతటి దృఢచిత్తులైనా ఎంతకాలం కట్టుబడి ఉండగలరు? ఒక ఊరి త్యాగాన్ని నిలబెట్టినది మరొక ఊరి విశ్వాసమే.

ఆ పొరుగువారందరూ నిర్భయులని నేను అనను. ఈమ్ వెలుపల ఒక పొలంలో ఎలిజబెత్ హాన్‌కాక్ అనే స్త్రీ 1666 ఆగస్టులో, ఎనిమిది రోజుల వ్యవధిలో, భర్తను, ఆరుగురు బిడ్డలను తన చేతులతోనే పూడ్చిపెట్టింది. ఆ సమాధులు నేటికీ ఉన్నాయి. దూరపు గట్టుమీదినుంచి స్టోనీ మిడిల్టన్ వాసులు ఆమెను చూస్తూ నిలబడిపోయారనీ, భయంచేత దగ్గరకు రాలేకపోయారనీ స్థానికులు చెప్పుకుంటారు. వారిని నిందించడానికి నాకు మనసొప్పదు. రొట్టె తెచ్చిన చేతులు, ముందుకు సాగని కాళ్లు ఒకే మనుషులవి. కరుణ, భయం ఒకే హృదయంలో ఉండగలవని చెప్పే చరిత్ర, వీరులను మాత్రమే చూపే చరిత్రకంటె సత్యానికి సమీపంగా ఉంటుంది.

ఈ త్యాగగాథను తరువాతి రచయితలు అతిగా అలంకరించారని కొందరు ఆధునిక చరిత్రకారుల వాదన. ఆ వాదనలో బలం ఉంది. సంపన్నులు కొందరు ముందే ఊరు విడిచి వెళ్లారు. మాంపెసన్ కూడా తన పిల్లలను ముందుగానే యార్క్‌షైర్‌కు పంపివేశాడు. పోవడానికి చోటులేని బీదలు ఉండిపోవడంలో ఎంత త్యాగమో ఎంత నిస్సహాయతో విడదీసి చెప్పడం కష్టం. అంతమాత్రాన కథ విలువ తరిగిపోదు. నిస్సహాయులు సైతం రాత్రివేళ రహస్యంగా గీత దాటవచ్చు. ఊరు ఊరంతా ఆ పని చేయకుండా నిగ్రహించుకొన్నదంటే అది గౌరవింపదగిన విషయమే. చరిత్రను ప్రేమించడమంటే దానిని ప్రశ్నించకుండా పూజించడమని భావించరాదు.

ఈ జ్ఞాపకాన్ని నిలిపినవారు ప్రధానంగా గ్రామస్థులే. మృతుల పేర్లను చర్చి రిజిస్టరు భద్రపరచింది. ఏ ఇంట ఎవరెవరు మరణించారో ఆ ఇళ్లముందు ఫలకాలు తెలుపుతాయి. 1994లో ప్రారంభమైన ప్రదర్శనశాలను స్వచ్ఛంద సేవకులు నడుపుతున్నారు. ఏటా ఆగస్టు చివరి ఆదివారం కక్లెట్ డెల్ఫ్‌లో స్మారక ప్రార్థన జరుగుతుంది. అయితే కీర్తి ఈమ్ గ్రామానికి దక్కినంతగా స్టోనీ మిడిల్టన్‌కు దక్కలేదు. అక్కడ 1759లో నిర్మించిన అరుదైన అష్టకోణపు చర్చి ఉంది. అక్కడివారు ఆపత్కాలంలో ఆదుకొన్న చరిత్ర ఉంది. అయినా ఈమ్ పేరు విన్నవారిలో ఎందరికి దాని పొరుగూరి పేరు తెలుసు? బాధపడినవారిని స్మరించే లోకం, బాధపడేవారికి అన్నం పెట్టినవారిని త్వరగా మరచిపోతుంది. గ్రామచరిత్రలు వ్రాసేవారు సవరించవలసిన లోపం ఇదే.

2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు తెలుగునాట అనేక గ్రామాలవారు ముళ్లకంపలు అడ్డువేసి దారులు మూసుకొన్నారు. అది భయంలో పుట్టిన జాగ్రత్త, తప్పుపట్టలేము. కాని ఇతరులు లోపలికి రాకుండా వేసిన కంచె వేరు, తాము బయటకు పోకుండా గీసుకొన్న గీత వేరు. మొదటిది తన ఊరిని కాపాడుతుంది. రెండవది పొరుగూరిని కాపాడుతుంది. కంపకు ఈవల నిలిచి ఆవలివారికి ఆహారం అందించిన వారూ ఆ రోజుల్లో ఉన్నారు. వారి పేర్లు ఏ పుస్తకంలోకి ఎక్కుతాయి?

విద్యార్థులారా! మీ ఊరి చరిత్ర తెలుసుకోవలెనని మీకు కోరిక కలిగితే పెద్దలను అడగండి, శాసనాలు చూడండి, పాత దస్తావేజులు వెదకండి. ఆ తరువాత ఒకసారి పొలిమేర దాటి, కరవులోను వరదలోను మా ఊరికి మీరేమి చేశారు, మీకు మేమేమి చేశాము అని పొరుగూరివారిని కూడా అడగండి. మీ ఊరి కథలో సగం అక్కడ దొరుకుతుంది.