ఆ రోజు మేమూ చప్పట్లు కొట్టాం

2019 డిసెంబరు 6. ఆ ఉదయం మన హాస్టల్లో టిఫిన్ గంట కొట్టినా ఎవరూ కంచం పట్టుకోలేదు. అందరం టీవీ ముందే ఉన్నాం. షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చి చంపారని వార్త. మేమప్పుడు ఇంటర్. మిత్రులారా, నిజం ఒప్పుకోవాలి, మేమూ చప్పట్లు కొట్టాం. ఎవరో చాక్లెట్లు కూడా పంచారు. ఆ అమ్మాయికి జరిగిన ఘోరానికి అందరి రక్తం ఉడికిపోయి ఉంది. "ఇలాంటోళ్ళకి కోర్టులెందుకు, లాయర్లెందుకు" అని అరిచిన గొంతుల్లో మా గొంతే పెద్దది.

ఆ చప్పట్ల గురించే ఈ నాలుగు మాటలు.

మూడేళ్ళు తిరగకముందే మా రూమ్మేట్ ఒకడి అన్నను శనివారం రాత్రి స్టేషన్‌కి తీసుకెళ్ళారు. ఊళ్ళో బావుల దగ్గర కరెంటు మోటార్లు పోయాయట. ఊళ్ళో ఏది పోయినా అనుమానం ముందు వాడ దారే పడుతుంది కదా! వాళ్ళమ్మ డబ్బాలో అన్నం పెట్టుకుని ఆదివారమంతా స్టేషన్ బయట వేపచెట్టు కింద కూర్చుంది. అడిగితే "విచారణ, పంపిస్తాం" అన్నారు. సోమవారమూ అదే మాట. డిగ్రీ చదువుతున్న వాళ్ళం నలుగురం ఆమె పక్కనే నిలబడ్డాం. ఇళ్ళల్లో మొదటి డిగ్రీ వాళ్ళం! ఒక్కరికీ నోరు పెగల్లేదు. కానిస్టేబుల్ "ఏంట్రా?" అంటే "ఏం లేదు సార్" అన్నాం. మంగళవారం మధ్యాహ్నం కోర్టులో పెట్టారు. కాగితాల మీద మాత్రం అరెస్టు సోమవారం సాయంత్రం జరిగినట్టు రాసి ఉంది. అప్పటికే రెండు తెల్లకాగితాల మీద సంతకాలు అయిపోయాయి.

ఏటా ఏప్రిల్ 14న మనం ఎవరి ఫోటోకి దండ వేస్తామో ఆయనే 1949 సెప్టెంబరు 15న రాజ్యాంగ సభలో 15ఏ అనే అధికరణాన్ని ప్రవేశపెట్టారు. ఇప్పుడది 22వ అధికరణం. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి. తనకు నచ్చిన లాయరుతో మాట్లాడనివ్వాలి. ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. శత్రుదేశ పౌరులను, ముందస్తు నిర్బంధ చట్టాల కింద పట్టుకున్న వాళ్ళను మినహాయిస్తే ఇది అందరికీ వర్తిస్తుంది. వీడు మంచివాడా, చెడ్డవాడా అని ఆ అధికరణం అడగదు. మేము దండలు వేశాం, వ్యాసరచన పోటీల్లో బహుమతులు కొట్టాం, ఈ ముక్క మాత్రం చదవలేదు.

1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఇంకా వివరంగా చెప్పింది. అరెస్టు సమయంలోనే మెమో రాయాలి, దాని మీద సాక్షి సంతకం ఉండాలి, ఇంటివాళ్ళకు కబురు చెప్పాలి, కస్టడీలో ఉన్నంతకాలం 48 గంటలకోసారి డాక్టరుకు చూపించాలి. ఏడేళ్ళ లోపు శిక్ష పడే కేసుల్లో అరెస్టే తప్పనిసరి కాదని, ముందు నోటీసు ఇచ్చి పిలవచ్చని 2014లో అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. దొంగతనం ఆ లెక్కలోకే వస్తుంది. 2024 జూలై 1 నుంచి సీఆర్పీసీ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది గానీ ఈ నియమాలు అందులోనూ ఉన్నాయి. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో రుజువుగా చెల్లదు. దాని వల్ల ఏదైనా వస్తువు దొరికితే ఆ మేరకే చెల్లుతుంది. తెల్లకాగితం మీద సంతకం ఎందుకు పెట్టకూడదో ఇప్పుడు అర్థమైంది.

లాయరు ఫీజుకి వాళ్ళమ్మ పాడిగేదెను అమ్మింది. అదే కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవల కమిటీ బోర్డు ఉంది. దాని కిందే కూర్చుని మేము మరమరాలు తిన్నాం! 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షను ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు, కస్టడీలో ఉన్నవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలి. 15100కి ఫోను చేసినా చాలు. ఉచిత లాయరు మనసు పెట్టి వాదించడని అంటారు. కొందరి విషయంలో అది అబద్ధమేమీ కాదు. అయినా మొదటిరోజు మేజిస్ట్రేటు ముందు "అయ్యా, ఇతన్ని శనివారమే పట్టుకున్నారు" అని చెప్పే ఒక్క నోరు ఉండి ఉంటే కథ వేరుగా ఉండేది.

"నువ్వు చెప్పేవాడు అమాయకుడు, వాళ్ళు రాక్షసులు" అని ఒక తమ్ముడు మాతో వాదించాడు. ఎవరు ఎవరో తేల్చేదెవరు? 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఒక హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. ఒక పేద దళిత యువకుణ్ణి పట్టుకుని, ఇతనే హంతకుడన్నారు. 2010లో శిక్ష పడింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లే ఇతను కాదని చెబుతూ వచ్చింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని విడుదల చేసింది. ఎనిమిదేళ్ళకు పైగా జైల్లోనే పోయాయి. అరెస్టయిన రోజే ఎవరైనా తుపాకీ పేల్చి ఉంటే మనం అప్పుడూ చాక్లెట్లు పంచేవాళ్ళమే. ఆ అమ్మాయికి మాత్రం ఏ న్యాయం దక్కినట్టు?

చటాన్‌పల్లి కాల్పులు చంపాలనే ఉద్దేశంతోనే జరిగాయని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని సిర్పుర్కర్ కమిషన్ తేల్చింది. ఆ నివేదిక 2022లో బయటికొచ్చింది. మైనర్లంటే ఆ రోజు టీవీ ముందు కూర్చున్న మా వయసే.

అత్యాచార నిరోధక చట్టం కింద మన వాళ్ళు ఫిర్యాదుదారులుగా నిలబడినప్పుడు ముద్దాయిలకు శిక్ష పడాలనే మేమూ కోరుకుంటాం. అది రుజువుతో పడాలి, అప్పీల్లో నిలవాలి.

రూమ్మేట్ అన్నకు బెయిలు వచ్చినా ఇద్దరు పూచీదారులు దొరక్క ఇంకో తొమ్మిది రోజులు జైల్లోనే ఉన్నాడు. 1978లోనే మోతీరాం అనే తాపీమేస్త్రీ కేసులో పదివేల పూచీ అడగడం తప్పని, వెయ్యి రూపాయల సొంత బాండు మీద వదలమని సుప్రీంకోర్టు చెప్పింది. మాకు తెలిస్తే కదా! కేసు ఇంకా నడుస్తోంది. వాయిదా రోజు కూలి పోతుంది.

ఈ వార్షికోత్సవానికి వచ్చే పూర్వ విద్యార్థుల్లో ఇద్దరు లాయర్లున్నారని తెలిసింది. అన్నా, భోజనాలు కాగానే బస్సెక్కకండి. ఒక్క గంట తమ్ముళ్ళతో కూర్చోండి. వార్డెన్ సారుని అడిగాం, స్టడీ హాలు తాళం ఇస్తామన్నారు.