పురస్కారం ఒక చేత్తో, తాళం మరో చేత్తో

డాక్యుమెంటరీ నోరు నొక్కాలంటే నిషేధించనక్కరలేదు. కాలయాపన చేస్తే చాలు. ఏ పార్టీ పాలించినా ఈ విద్యలో మన ప్రభుత్వ యంత్రాంగం ఆరితేరినదే.

ఆనంద్ పట్వర్ధన్ చిత్రాల చరిత్రే ఇందుకు సాక్ష్యం. అయోధ్య ఉద్యమంపై ఆయన తీసిన 'రామ్ కే నామ్'కు జాతీయ పురస్కారం దక్కింది. దూరదర్శన్ మాత్రం తలుపు మూసింది. న్యాయస్థానం ఆదేశించాకే 1997లో ప్రసారం చేసింది. అప్పటికి బాబ్రీ మసీదు కూలి నాలుగేళ్లు దాటింది. మతహింసనూ పురుషాహంకారాన్నీ నిలదీసిన 'ఫాదర్, సన్ అండ్ హోలీ వార్'ను ప్రసారం చేయవలసిందేనని సుప్రీంకోర్టు తేల్చడానికి 2006 వచ్చింది. 1998 అణుపరీక్షల ఉన్మాదాన్ని ప్రశ్నించిన 'వార్ అండ్ పీస్'పై సెన్సార్ బోర్డు కత్తెర ఎత్తింది. 2003లో బొంబాయి హైకోర్టు ఆ కోతలను తోసిపుచ్చింది.

దర్శకుడు ప్రతిసారీ గెలిచాడు. ప్రేక్షకుడు ప్రతిసారీ ఓడాడు. మంటలు రేగకముందు చూపవలసిన చిత్రాన్ని బూడిద చల్లారాక చూపితే ఎవరికి మేలు?

ఇవి ఏకపక్ష చిత్రాలనే వాదన ఒకటుంది. అవును, ఇవి బాధితుల పక్షమే. పాలకుల పక్షం వినిపించడానికి రాత్రింబవళ్లు వార్తా ఛానళ్లు ఉండనే ఉన్నాయి.

జాతీయ పురస్కారం పొందిన ప్రతి డాక్యుమెంటరీనీ ఏడాదిలోగా, జనం మేలుకుని ఉండే వేళలో, దూరదర్శన్ ప్రసారం చేయాలని చట్టం చేయాలి. ప్రజల సొమ్ముతో నడిచే సంస్థలో ప్రజల గోడుకు చోటు దొరకడానికి కోర్టు ఉత్తర్వు అవసరం కాకూడదు.