సెమీ క్రిస్మస్ సందడిలో ఆగమన కాలం

2025 ఆగమన కాలం నవంబరు 30, ఆదివారం మొదలవుతుంది. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు, మొత్తం 25 రోజులు. సంఘ పంచాంగం ప్రకారం కొత్త సంవత్సరం కూడా ఆ రోజే. అయితే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతంలో బల్ల మీద ఊదా వస్త్రం పరిచే వేళకే సెమీ క్రిస్మస్ కరపత్రాలు చేతికొస్తాయి. డిసెంబరు మొదటి వారంలోనే స్టార్లు వెలుగుతాయి, కేకు కోస్తారు, నాయకులకు శాలువాలు కప్పుతారు. 25వ తేదీ నాటికి పాటల బృందం గొంతులు పోయి ఉంటాయి. సంఘం పెట్టె కూడా ఖాళీ.

సెమీ క్రిస్మస్ వద్దని మేము అనడం లేదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచి కియా కర్మాగారంలో షిఫ్టుల్లో పనిచేసేవారు, బెంగళూరుకు పనికి పోయేవారు అందరూ ఒకే రోజు గుడికి రాలేరు. నాలుగైదు గ్రామాలు చూసుకునే కాపరికి ఒక్క 25వ తేదీ చాలదు. పొరుగువారిని పిలిచి సువార్త చెప్పడానికి అదొక మంచి అవకాశం కూడా. మా బాధ వేరు. పండుగ ముందుకు జరిగేకొద్దీ పండుగకు ముందుండవలసినది మాయమవుతోంది.

ఆ ముందుండవలసినది ఏమిటి? అయిదవ శతాబ్దంలోనే గాల్ దేశపు తూర్ పట్టణంలో బిషప్ పెర్పెత్యూస్ నవంబరు 11 నుండి క్రిస్మస్ వరకు వారానికి మూడు రోజులు ఉపవాసం నియమించాడు. ప్రభువు మొదటి రాకడను తలచుకుంటూ, రెండవ రాకడకు సిద్ధపడే కాలమిది. అందుకే ఈ ఆదివారాల్లో పశువుల తొట్టి కంటే ముందు బాప్తిస్మమిచ్చు యోహాను ఎదురవుతాడు.

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌కు గూళ్లు తెచ్చే రైతుకు ఈ లెక్క సులువుగా అర్థమవుతుంది. పట్టుపురుగు గూడు కట్టే దశకు రావడానికి ఇంచుమించు 25 రోజులు. మధ్యలో నాలుగు జ్వరాలు. జ్వరంలో ఉన్న పురుగు మేయదు, కదలదు, పాత చర్మం విడుస్తుంది. ఆ సమయంలో రైతు ఆకు వేయడు. తొందరపడి చంద్రికల మీదికి ఎక్కిస్తే గూడు రాదు. నాలుగు ఆదివారాలు, నాలుగు జ్వరాలు! ఏ వేదాంత కళాశాలా చెప్పని పోలిక మన ఊళ్లోనే ఉంది.

ఆ పట్టు నేసే ధర్మవరంలో డిసెంబరు తేలికైన నెల కాదు. వాన పడితే గుంత మగ్గంలోకి నీరు దిగి నేత ఆగిపోతుంది. ధనుర్మాసం వస్తే పెళ్లి ముహూర్తాలు ఉండవు, చీరల బేరం మందగిస్తుంది. కూలికి నేసేవారిలో చాలామంది మాస్టర్ వీవర్ దగ్గర తీసుకున్న అడ్వాన్సుకు కట్టుబడి ఉంటారు. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం పట్టుచీరను చేనేతకే కేటాయించినా, మరమగ్గం చీర చేనేత పేరుతో అమ్ముడవుతోందని నేతన్నలు ఏళ్లుగా మొరపెడుతున్నారు. సరిగ్గా ఈ నెలలోనే మనవాళ్లు సెమీ క్రిస్మస్ చందా పుస్తకంతో వారి తలుపు తడతారు. ఇవ్వలేనివాడు ఆ ఆదివారం గుడికి రావడం మానేస్తాడు, అడిగితే ఒంట్లో బాగోలేదంటాడు.

లూకా 3వ అధ్యాయంలో యోహాను దగ్గరకు వచ్చినవారు తామేమి చేయాలని అడిగినప్పుడు అతడు వారికి ఉత్సవం జరపమని చెప్పలేదు. రెండు అంగీలున్నవాణ్ణి ఒకటి ఇచ్చేయమన్నాడు. సుంకరులను నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చేయవద్దన్నాడు. నేడు కూలి మగ్గాలు నడిపించే విశ్వాసికీ, చందా పుస్తకం పట్టుకున్న సంఘ పెద్దకూ ఆ జవాబు కొత్తగా అనువదించనవసరం లేదు.

ఆగమన కొవ్వొత్తుల ఆచారం కూడా బీదల ఇంటిలోనే పుట్టింది. 1839లో హాంబర్గులో యోహాన్ విషెర్న్ అనే దైవజనుడు తాను నడిపే ఆశ్రమంలోని బీద పిల్లలు క్రిస్మస్ ఎప్పుడని పదేపదే అడుగుతుంటే, బండి చక్రం మీద కొవ్వొత్తులు అమర్చి రోజుకొకటి వెలిగించాడు. ఖర్చు కొద్దిగా కొవ్వొత్తులు, ఒక పాత చక్రం.

మా సూచన చిన్నది. సెమీ క్రిస్మస్ జరపాలనుకుంటే మూడవ ఆగమన ఆదివారమైన డిసెంబరు 14 దాటాక జరపండి. మొదటి రెండు ఆదివారాలు ఉపవాస ప్రార్థనకు, ఒకరితో ఒకరు సమాధానపడడానికి విడిచిపెట్టండి. కమిటీ తేదీ ఖరారు చేసే రోజున, మగ్గం ఆగిన ఇళ్ల పేర్లు చందా పుస్తకంలో ఉండాలా, సహాయం అందవలసినవారి పట్టీలో ఉండాలా అన్నది కూడా పెద్దలు అక్కడే తేల్చాలి.