‘ఎలా పోయాడు?’ అని అడుగుదాం



మొన్న నేను హాస్టల్‌కు వచ్చినప్పుడు తమ్ముళ్ళంతా టీవీ ముందు చేరి ‘విరూపాక్ష’ చూస్తున్నారు. నేనూ ట్రంకుపెట్టె మీద కూర్చున్నాను. 2023 ఏప్రిల్‌లో విడుదలైన ఈ సినిమాకు దర్శకుడు కార్తీక్ దండు, స్క్రీన్‌ప్లే సుకుమార్. నిజం చెప్పాలంటే నాకూ భయమేసింది. ఆ రాత్రి బాత్‌రూముకు ఒక్కడూ ఒంటరిగా వెళ్ళలేదు!

కథ మీకు తెలిసిందే. 1979లో రుద్రవనం అనే ఊళ్ళో చేతబడి చేస్తున్నారని ఒక జంటను జనం సజీవంగా తగలబెడతారు. పన్నెండేళ్ళ తర్వాత వరుసగా చావులు మొదలవుతాయి. ఊరిని దిగ్బంధం చేస్తారు. అందరూ భయంతో వణుకుతుంటే సాయిధరమ్ తేజ్ వేసిన సూర్య మాత్రం ఒక చావుకూ ఇంకో చావుకూ లంకె ఏమిటని వెతుకుతాడు. ఈ గుణం నాకు నచ్చింది.

నచ్చనిది చివర. అంత వెతికీ అతను చేరేది క్షుద్రపూజ దగ్గరికే. మనుషులను కాల్చడం ఘోరమని చూపించిన సినిమాయే, చేతబడితో ప్రాణాలు పోతాయని కూడా నమ్మిస్తుంది.

‘సినిమాయే కదన్నా’ అంటారు. మా ఊళ్ళో జరిగింది చెబుతాను. నేను ఆరో తరగతిలో ఉండగా పక్కింటి పిల్లవాడు రాత్రి కింద పడుకుని, తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేచాడు. కనురెప్పలు వాలిపోయాయి, మాట పడిపోయింది. భూతవైద్యుడిని పిలిచారు. మధ్యాహ్నానికి పోయాడు. ఒంటి మీద గాయం లేదు. అందరి చూపూ ఒంటరిగా బతికే ఒక అవ్వ మీద పడింది. బాణామతి చేసిందని వేపచెట్టుకు కట్టేశారు. బడి సారు అడ్డంపడి విడిపించారు. ఆ రాత్రే అవ్వ ఊరు విడిచింది, మళ్ళీ రాలేదు.

డిగ్రీలో జువాలజీ చదివేటప్పుడు తెలిసింది. కట్లపాము రాత్రిపూట కరుస్తుంది. పెద్దగా నొప్పి ఉండదు, గాటు కూడా కనబడకపోవచ్చు. కడుపునొప్పి, రెప్పలు వాలడం, చివరికి ఊపిరి ఆగడం దాని లక్షణాలు. ఆ పిల్లవాడికీ అదే జరిగి ఉంటుందని నా నమ్మకం. ఈ సంగతి తెలిసినవాడు ఆ రోజు ఒక్కడుంటే పిల్లవాణ్ణి ఆస్పత్రికి ఎత్తుకెళ్ళేవాళ్ళు. అవ్వ తన గుడిసెలోనే ఉండేది.

ఇలాంటి నమ్మకాలపై పోరాడిన డాక్టర్ నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపారు. ఆ ఏడాదే మహారాష్ట్ర చేతబడి వ్యతిరేక చట్టం తెచ్చింది. అనుమానాస్పద మరణంపై పోలీసులు విచారణ జరపాలని మన చట్టమూ చెబుతోంది. పోస్టుమార్టం ఉన్నది అందుకే.

తమ్ముళ్ళూ! సినిమా చూడండి, భయపడండి, నవ్వుకోండి. కానీ సెలవులకు ఊరెళ్ళినప్పుడు ఎవరైనా హఠాత్తుగా పోతే, ‘ఎవరు చేశారు?’ అనే గుంపులో కలవకండి. ‘ఎలా పోయాడు?’ అని ముందుగా అడిగేవాడు మన హాస్టల్ పిల్లవాడే కావాలి. కింద పడుకునేవాళ్ళు దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకోండి. తెల్లవారుజామున ఎవరికైనా రెప్పలు వాలుతుంటే వెంటనే వార్డెన్ సారును లేపండి.

– ఒక పూర్వ విద్యార్థి