కామాఠిపురా పరువు: చట్టం ఎంతవరకు కాపాడగలదు?

సరిహద్దు గ్రామాలలో బొంబాయితో బంధుత్వం లేని ఇల్లు అరుదు. తాతల కాలంలో కట్టడపు పనికో, బట్టల మిల్లు పనికో వెళ్ళిన వారి సంతతి నేటికీ అక్కడి చాల్‌లలో నివసిస్తున్నది. అయితే పెళ్ళి సంబంధం మాట్లాడేవేళ చిరునామా "కామాఠిపురా" అనో, "ఫాక్‌లాండ్ రోడ్ పక్కన" అనో చెప్పవలసి వచ్చినపుడు ఆ కుటుంబాల పెద్దలు ఒక క్షణం తటపటాయిస్తారు. చేయని నేరానికి మోయవలసి వచ్చిన నింద ఇది. ఒక పేట పేరు మీద పడిన మచ్చను తుడిచే శక్తి పరువునష్టం చట్టానికి ఉన్నదా? 2022లో న్యాయస్థానాల ముందుకు వచ్చిన ప్రశ్న సరిగ్గా ఇదే.

పేరు వెనుక చరిత్ర

కామాటి అనగా శ్రమజీవి, కూలిపని చేయువాడు. నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాల నుండి పద్దెనిమిదవ శతాబ్దం చివరి నుండి వలస వెళ్ళి, బొంబాయి నగర నిర్మాణంలో రాళ్ళెత్తిన కామాటీల వల్లనే ఆ పేటకు ఆ పేరు వచ్చింది. వ్యభిచార గృహాలు అక్కడ కేంద్రీకృతం కావడం తరువాతి పరిణామం. బ్రిటిష్ పాలకుల కాలంలో సైనికుల కోసం, నావికుల కోసం ఆ ప్రాంతంలో కొన్ని వీధులు అందుకు కేటాయింపబడినట్లయ్యాయి. నేడు పఠ్ఠే బాపూరావ్ మార్గ్‌గా అధికారిక నామం పొందిన ఫాక్‌లాండ్ రోడ్‌కు కూడా ఆ కీర్తే అంటుకున్నది. ఆ సందులలోనే బడికి వెళ్ళే పిల్లలు, చిన్న కర్మాగారాలు, గుడులు, మసీదులు ఉన్నాయన్న సంగతి బయటి లోకానికి కనబడలేదు.

సినిమాపై వ్యాజ్యం

ఎస్. హుస్సేన్ జైదీ, జేన్ బోర్జెస్‌తో కలిసి రచించిన "మాఫియా క్వీన్స్ ఆఫ్ ముంబై" 2011లో వెలువడింది. అందులోని ఒక అధ్యాయం ఆధారంగా దర్శకుడు సంజయ్ లీలా భన్సాలీ "గంగూబాయి కాఠియావాడీ" చిత్రాన్ని నిర్మించారు. గంగూబాయికి తాను దత్తపుత్రుడనని చెప్పుకున్న ఒక వ్యక్తి, తల్లి పరువుకు భంగం కలిగిందంటూ 2020లో ముంబై సిటీ సివిల్ కోర్టును ఆశ్రయించారు. నిషేధ ఉత్తర్వు లభించలేదు. 2021 జూలైలో బొంబాయి హైకోర్టు కూడా నిరాకరించింది. ఆయనే దాఖలు చేసిన క్రిమినల్ ఫిర్యాదుపై దర్శకునికి, నటి ఆలియా భట్‌కు మేజిస్ట్రేట్ జారీచేసిన సమన్ల చర్యలను హైకోర్టు నిలిపివేసింది.

చివరకు 2022 ఫిబ్రవరి 24న, విడుదలకు ఒక్క రోజు ముందు, జస్టిస్ ఇందిరా బెనర్జీ, జస్టిస్ జె.కె. మహేశ్వరిల ధర్మాసనం ఆయన వినతిని తోసిపుచ్చింది. దత్తత జరిగిందన్న విషయమే ప్రాథమికంగా రుజువు కాలేదన్నది ప్రధాన కారణం. సెన్సారు ధ్రువపత్రం పొందిన చిత్రాన్ని విడుదలకు ముందే ఆపడానికి బలమైన ఆధారం కావాలన్నది రెండవది.

దీనికి ఒక్క రోజు ముందు, ఫిబ్రవరి 23న, బొంబాయి హైకోర్టులో ఇంతకంటే మనకు దగ్గరి వ్యవహారం ముగిసింది. చిత్రంలో కామాఠిపురా పేరు వాడవద్దని స్థానిక శాసనసభ్యుడు అమీన్ పటేల్, ఆ పేటకు చెందిన ఒక నివాసి వేసిన పిటిషన్లను ప్రధాన న్యాయమూర్తి దీపాంకర్ దత్తా నేతృత్వంలోని ధర్మాసనం కొట్టివేసింది. పేట పేరు తెరమీద యథాతథంగా నిలిచింది.

ఊరికి పరువున్నదా?

ఇందులో న్యాయసూత్రం స్పష్టం. పరువు వ్యక్తికి చెందినది. "కొందరు వ్యక్తుల సముదాయం" కూడా ఫిర్యాదు చేయవచ్చని చట్టం చెబుతున్నా, ఆ సముదాయం హద్దులు తెలిసినదై, అందులోని వారెవరో గుర్తించగలిగినదై ఉండాలి. అలీగఢ్ ప్రాసిక్యూటర్లపై వ్రాత విషయంలో 1965లో సుప్రీంకోర్టు శిక్షను సమర్థించింది, ఎందుకంటే వారిని లెక్కించి చూపవచ్చు. తమిళనాడులో ఒక మహాసభ విషయమై 1972లో అదే కోర్టు, గుర్తింపునకు అందని సమూహానికి పరువు దావా చెల్లదన్నది. వేలాది మంది నివసించే కామాఠిపురా రెండవ కోవలోకే వస్తుంది. చనిపోయిన వారి విషయంలోనూ అంతే. సివిల్ దావా వేసే హక్కు వ్యక్తితోనే అంతరిస్తుంది. క్రిమినల్ చట్టంలో మాత్రం కుటుంబ సభ్యుల మనసు నొప్పించే ఉద్దేశంతో మృతులపై చేసిన నిందకు చోటున్నది.

మారినదేమిటి, మారనిదేమిటి

2016 మే 13న సుబ్రహ్మణ్యస్వామి కేసులో సుప్రీంకోర్టు క్రిమినల్ పరువునష్టం చట్టం రాజ్యాంగబద్ధమేనని తీర్పు చెప్పింది. 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ కూడా తన 285వ నివేదికలో దానిని కొనసాగించాలని సూచించింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్, పాత 499, 500 సెక్షన్ల స్థానంలో వచ్చింది. రెండేళ్ళ వరకు సాధారణ జైలు, జరిమానా అలాగే ఉన్నాయి. కొత్తగా చేరినది సమాజ సేవ అనే శిక్ష. నిందితునికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా మేజిస్ట్రేట్ ఫిర్యాదును విచారణకు స్వీకరించరాదన్న నియమం భారతీయ నాగరిక సురక్షా సంహితలో చేరింది. పగతో వేసే కేసులకు ఇది కొంత అడ్డుకట్ట. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ఎం.ఎం. సుందరేశ్, దీనిని నేరాల జాబితా నుండి తొలగించే సమయం వచ్చిందని వ్యాఖ్యానించారు. అది తీర్పు కాదు, వ్యాఖ్య మాత్రమే.

పరిహారపు లెక్కలు

నష్టపరిహారానికి మన దేశంలో నిర్ణీతమైన కొలబద్ద లేదు. తప్పుగా ఫొటో చూపినందుకు జస్టిస్ పి.బి. సావంత్‌కు టైమ్స్ నౌ ఛానల్ 100 కోట్లు చెల్లించాలని 2011లో పుణె కోర్టు ఆదేశించినపుడు దేశం నివ్వెరపోయింది. అప్పీలు వినడానికే 20 కోట్లు జమ, 80 కోట్లకు బ్యాంకు హామీ కోరింది హైకోర్టు. 2001 నాటి తెహల్కా ప్రసారంపై మేజర్ జనరల్ అహ్లూవాలియాకు 2 కోట్లు ఇవ్వాలని ఢిల్లీ హైకోర్టు చెప్పడానికి 2023 వరకు పట్టింది. లక్ష్మీ పురీ దావాలో సాకేత్ గోఖలేపై 50 లక్షల తీర్పు వెలువడినది 2024 జూలై 1న. అదే రోజు ఢిల్లీలోని మరొక కోర్టు మేధా పాట్కర్‌కు ఐదు నెలల జైలు, 10 లక్షల పరిహారం విధించింది. 2025లో అప్పీలు కోర్టు జైలును రద్దుచేసి మొత్తాన్ని లక్షకు తగ్గించగా, సుప్రీంకోర్టు దోషిత్వాన్ని నిలిపి ఆ లక్షను కూడా తొలగించింది. ఆమె ప్రకటన 2000 నాటిది.

ఈ వరుసలో కనబడేది ఒక్కటే. పెద్ద మొత్తాలు పెద్దవారికే. ఇరవై ఏళ్ళు న్యాయవాదిని పోషించగలిగినవారికే ఆ ఫలం. పైగా అడిగిన సొమ్మును బట్టి కోర్టు రుసుము ముందుగా కట్టవలసి ఉంటుంది. దినకూలీ కుటుంబానికి అది తలకు మించిన భారం.

గ్రామీణులు గుర్తుంచుకోవలసినవి

సివిల్ దావాకు గడువు ఒక్క సంవత్సరమే. క్రిమినల్ వ్యవహారంలో పోలీసులు తమంత తాము కేసు కట్టరు. బాధితుడే మేజిస్ట్రేట్ వద్ద ఫిర్యాదు చేయాలి. నిజం చెప్పానన్న వాదన సివిల్ దావాలో సరిపోతుంది. క్రిమినల్ కేసులో అది ప్రజాహితం కోసమని కూడా చూపాలి. "నేను వ్రాయలేదు, వచ్చినది పంపాను" అన్న సాకు చెల్లదని 2023లో ఎస్.వి. శేఖర్ కేసులో మద్రాసు హైకోర్టు తేల్చిచెప్పింది. పక్కింటి ఆడపిల్లపై వాట్సాప్‌లో వచ్చిన పుకారును ముందుకు తోసే వేలు కూడా బాధ్యత వహించవలసిందే.

కనుక వ్యక్తిపై పడిన నిందకు చట్టంలో ఆలస్యమైనా మార్గం ఉన్నది. పేటపై పడిన నిందకు లేదు. ఉండకపోవడం ఒకందుకు మంచిదే. ఊరి పేరు ఎత్తడమే నేరమైతే ఆ ఊరి కష్టాన్ని వ్రాసే పత్రిక కూడా బోనెక్కవలసి వస్తుంది. కామాఠిపురా గౌరవం కోర్టు ఉత్తర్వుతో తిరిగిరాదు. సంబంధం మాట్లాడేవేళ చిరునామా విని ముఖం తిప్పుకునేది మనవాళ్ళే. ఆ పేరు మన కూలీల చెమటతో వచ్చినదని ముందుగా తెలుసుకోవలసినదీ మనమే.