చూలాలి చనుబాలు



నా పెద్దకుమారునకు ఇరువది నెలలు నిండునప్పటికి నాకు మరల నెల తప్పినది. మూడవ నెలలో నొకనాటి యుదయమున మా అత్తగారు వేపాకు నూఱి చిన్నగిన్నెలో దెచ్చి నా యెదుట నుంచిరి. "అమ్మాయీ! చూలాలి పాలు బిడ్డకు విషము. త్రాగినవానికి పొట్ట పెరిగి కాలుసేతులు పుల్లలగును. ఇది రాచుకొనుము; చేదు తగిలిన వాడే మానివేయును" అనిరి. ఆ మాటలో కోపము లేదు, భయమే యున్నది. మా వారికి ముందు పుట్టిన బిడ్డ యొకడు రెండేండ్ల ప్రాయమున నట్లే చిక్కి చిక్కి కన్నుమూసెనని నే నదివఱకే వినియుంటిని.

ఆమె భయమునకు శాస్త్రాధారము లేకపోలేదు. మా తండ్రిగారియొద్ద జదువుకొన్న దినములలో మాధవనిదానమున బాలరోగముల ప్రకరణము జూచితిని. గర్భిణియైన తల్లి పాలు త్రాగు శిశువునకు దగ్గు, అగ్నిమాంద్యము, వాంతి, కార్శ్యము, అరుచి, ఉదరవృద్ధి కలుగునని చెప్పి, ఆ రోగమునకు పారిగర్భికమని పేరిడిరి. దానికే పరిభవమని మఱియొక పేరు. పరిభవమనగా ఓటమి, తిరస్కారము. పసిబిడ్డ జబ్బునకు ఈ పే రేలనో నాకు చాలకాలము బోధపడలేదు.

పిమ్మట నొక సంగతి చదివితిని. పశ్చిమాఫ్రికాలోని గోల్డుకోస్టున, అనగా నేటి ఘనాదేశమున, పనిచేసిన సిసిలీ విలియమ్సు అను వైద్యురాలు, కాళ్లు వాచి చర్మము పొలుసులుగా రాలు బిడ్డల వ్యాధినిగూర్చి 1933లో వ్రాసిరి. అచ్చటి తల్లులు దానికి వాడు 'క్వాషియోర్కర్' అను పేరునే 1935లో లోకమునకు దెలిపిరి. తరువాతి బిడ్డ రాకచే తన స్థానము గోల్పోయిన బిడ్డకు వచ్చు జబ్బని యా మాట కర్థము. సముద్రముల కావలి తల్లులును మన పూర్వులును ఒకే తీరు పేరు పెట్టిరి గదా! అయితే ఆ బిడ్డలకు మొక్కజొన్న జావయే ముఖ్యాహారమై, దేహమును పెంచు మాంసకృత్తులు కొఱవడుట కారణమై యుండవచ్చునని యా వైద్యురాలు తలచిరి.

ఇది మనస్సున నుండుటచే నే నత్తగారి నడిగితిని: "అత్తయ్యగారూ, ఆ బాబునకు పాలు మాన్పిన పిదప నేమి పెట్టెడివారు?" ఆమె కొంతసేపు మాటాడలేదు. "ఇంటిలో నేమున్నది తల్లీ! గంజినీళ్లు" అనిరి. ఆ బిడ్డకును వేపాకే రాచి మాన్పించిరట. ఆమె గిన్నె తీసికొనిపోయి దొడ్డిలో బాఱబోసిరి.

మఱునాడు మేమిరువురము వైద్యురాలి కడ కేగితిమి. ఆమె చెప్పినదియు, నేను పిదప తెలిసికొనినదియు నిక్కడ వ్రాయుచున్నాను.

చూలాలి పాలు విషము గావు. నాలుగైదు మాసములనాటికి పాలు సామాన్యముగా తగ్గును. తీపి తగ్గి యుప్పదనము హెచ్చును. మెల్లమెల్లగా ముర్రుపాలుగా మాఱును. కొందఱు బిడ్డ లప్పుడు తామే మానివేయుదురు. కావున అట్టి బిడ్డకు పాలనే నమ్ముకొనరాదు. తొమ్మిది నెలలు నిండినది మొదలు రెండేండ్లవఱకు బిడ్డకు దినమునకు 3, 4 మాఱులు అన్నము, నడుమ నొకటి రెండు మాఱులు చిరుతిండి కావలయును. మెత్తని పప్పన్నము, పెరుగు, నెయ్యి, ఆకుకూర, తినువారింట గ్రుడ్డు - ఇవి యుండవలయును.

బిడ్డ చన్ను గుడుచునప్పుడు తల్లి దేహమున ఆక్సిటోసిన్ అను ద్రవ్యము పుట్టి గర్భాశయమును కొంత ముడుచుకొనజేయును. ఆరోగ్యవతియైన గర్భిణికి దీనివలన గర్భము పోవునని పరిశోధనలలో రుజువు కాలేదు. కాని పూర్వము నెలలు నిండకయే ప్రసవమైనవారు, కవలలు గలవారు, రక్తము కనబడినవారు, బరువు పెరుగనివారు వైద్యుల నడుగక పాలిచ్చుట కొనసాగింపరాదు. నొప్పులు వరుసగా వచ్చిన వెంటనే మాని వైద్యులకు జూపవలయును.

తల్లి భోజనము రెట్టింపు ముఖ్యము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2020లో జెప్పిన లెక్క ప్రకారము గర్భిణికి దినమునకు 350 కేలరీలును, బాలింతకు తొలి యాఱు మాసములు 600 కేలరీలును అధికముగా గావలయును. ఇనుము, ఫోలిక్ ఆమ్లము గల మాత్రలను విడువరాదు. అందఱు తిన్న పిదప మిగిలినది తిను కోడలు ఇరువురు బిడ్డల కేమి యియ్యగలదు?

ప్రసవమైన పిదప క్రమము మాఱును. ముర్రుపాలు పురిటిబిడ్డవి. మొదటి గంటలోనే పట్టి, రేయింబవళ్లలో 8 మొదలు 12 మాఱు లియ్యవలయును. పసిబిడ్డ త్రాగిన పిదపనే పెద్దబిడ్డవంతు. రెండు వారములలో పసిబిడ్డ పుట్టినప్పటి బరువును తిరిగి పొందినదో లేదో తూచి చూచుకొనవలయును.

ఇక మాన్పదలచిన తల్లిది తప్పు కాదు. చన్నులు నొచ్చుటయు, అలసటయు నాకును తెలియును. అట్టివారు ఒక్కొక్క పూట పాలు తగ్గించుచు, ఆ పూటకు ఒడిలో గూర్చుండబెట్టుకొని అన్నము పెట్టవలయును. ఒక్కదినమున చేదు పూసి త్రోసివేయుట బిడ్డకు శిక్ష.

మావాడు అయిదవ నెలలో "ఉప్పు" అని మొగము త్రిప్పుకొని, నిదురపోవునప్పుడు మాత్రము కుడుచువాడు. చెల్లెలు పుట్టినపుడు మరల వచ్చి చేరినాడు. దాని వంతు కాగానే నేను పిలుచువఱకు వానిని చంకనెత్తుకొని పప్పన్నపు ముద్దలు తినిపించినది మా అత్తగారే. ఒకనాడు ముద్ద కలుపుచు నామె ఆ పోయిన బిడ్డ పేరు మొదటిసారి నాతో జెప్పిరి. మా యింట నిపు డా పేరు మాటలలో వినవచ్చుచున్నది.